గుర్రాల దగ్గర లెక్కలు చెప్తాను

నా కొత్త ఉద్యోగం గురించి ఫోన్‌లో చెప్పగానే మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "గుర్రాలకి లెక్కలు చెప్తావా?"

కాదమ్మా, పిల్లలకే. కాకపోతే గుర్రాల దగ్గర. "వాళ్ళకి బడి లేదా?" ఉంది. కొందరిని బడే పొమ్మంది, కొందరు వాళ్ళే మానేశారు. అమ్మ కాసేపు ఆలోచించి, "చదువు రాకపోతే బర్రెలు కాసుకోమని తిడతాం మనం. అక్కడ దానికి కూడా టీచర్లని పెట్టి జీతాలిస్తున్నారా?" అంది.

నవ్వాపుకోలేకపోయాను గానీ, ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. ఇక్కడ జరిగేది దాదాపు అదే.

నేనుండేది ఇంగ్లండ్‌లో, లెస్టర్ దగ్గర. ఊరు దాటాక పొలాల మధ్యలో ఉంది మా యార్డ్, అంటే గుర్రాల శాల. గుర్రాలు, పోనీలు (పొట్టి జాతి గుర్రాలు) కలిపి డజనుకి లోపే. పాత షిప్పింగ్ కంటైనర్ ఒకటి తెచ్చి, హీటరు, కెటిలు, వైట్‌బోర్డు పెట్టి, దానికి క్లాస్‌రూమ్ అని పేరు పెట్టారు. వాన మరీ దంచికొడితే తప్ప అందులో పాఠం చెప్పను.

ఇక్కడి పద్ధతి తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. ఇంగ్లండ్‌లో ఒక పిల్లాణ్ణి స్కూల్ నుంచి పూర్తిగా తీసేస్తే, ఆరో స్కూల్ రోజు నుంచి వాడి చదువుకి ఏర్పాటు చేయాల్సిన బాధ్యత కౌన్సిల్‌ది, అంటే స్థానిక ప్రభుత్వానిది. అలాంటి ఏర్పాట్లన్నిటినీ కలిపి ఆల్టర్నేటివ్ ప్రొవిజన్ అంటారు. కొందరు దానికోసమే పెట్టిన ప్రత్యేక బడులకి వెళ్తారు. కొందరు మెకానిక్ షెడ్లకి, కూరగాయల తోటలకి, మాలాంటి యార్డులకి వస్తారు. ఐదుగురు, అంతకంటే ఎక్కువమంది పిల్లలకి ఫుల్‌టైమ్ చదువు చెప్పే చోటు ఏదైనా స్కూల్‌గా రిజిస్టర్ చేసుకోవాల్సిందే. మాది అంత పెద్దది కాదు. అందుకే పిల్లలు వారంలో ఒకటి రెండు రోజులే వస్తారు, మిగతా రోజులు ఇంకోచోట. ఒక పిల్లాడికి పెద్దవాళ్ళు ఒకరు తోడు. ఆ పిల్లాడికి ఒక పోనీ.

పెళ్ళికి ముందు గుంటూరులో ఇంటర్ ఎంపీసీ పిల్లలకి లెక్కలు చెప్పేదాన్ని. హాస్టల్ కాలేజీ, పొద్దున్నే స్టడీ అవర్, ఆదివారం వీక్లీ టెస్టు, సోమవారం గోడ మీద ర్యాంకులు. నేను క్లాసులోకి వస్తే వెనక బెంచీ వాళ్ళు కూడా వెన్ను నిటారుగా పెట్టి కూర్చునేవాళ్ళు. అక్కణ్ణించి వచ్చిన నాకు, మొదట్లో ఇక్కడ పిల్లలతో ఎలా మాట్లాడాలో తెలిసేది కాదు. ఒకడు నా మొహం కూడా చూడకుండా, హుడీ కళ్ళదాకా లాక్కుని గేటు మీదెక్కి కూర్చునేవాడు. వయసు పధ్నాలుగు. వర్క్‌షీట్ ఇస్తే నాలుగు ముక్కలు చేసి జేబులో పెట్టుకునేవాడు. కనీసం కింద పారేయలేదు కదా అని మా యార్డ్ మేనేజరమ్మ సంతోషించింది.

వాడికిచ్చిన పోనీ పేరు బిస్కట్. గోధుమరంగు, పీపాలాంటి పొట్ట. తక్కినవన్నీ పెద్ద మైదానంలో పచ్చగడ్డి మేస్తుంటే, బిస్కట్‌ని మాత్రం తీగలతో కట్టిన చిన్న జాగాలో ఒంటరిగా ఉంచుతారు. గేటు మీద కూర్చున్న మనవాడు చాలాసేపు అదే చూస్తూ ఉండి, ఉన్నట్టుండి మండిపడ్డాడు. "వీడేం తప్పు చేశాడని? ఎందుకు విడిగా పెట్టారు? పనిష్మెంటా?"

ఎన్ని స్కూళ్ళలో ఎన్ని గంటలు వీణ్ణి విడిగా కూర్చోబెట్టి ఉంటారో అనిపించింది. ఆ మాట అనకుండా విషయం చెప్పాను. వసంతకాలంలో మొలిచే కొత్త గడ్డిలో చక్కెర ఎక్కువ. లావెక్కిన పోనీలు అది ఎక్కువ మేస్తే గిట్టల లోపల వాపు వస్తుంది. లామినైటిస్ అంటారు. అడుగు తీసి అడుగు వేయలేవు, ముదిరితే ఇంజెక్షన్ ఇచ్చి చంపేయాల్సి కూడా వస్తుంది. అందుకే బిస్కట్‌కి ఎండుగడ్డి తూకం వేసి పెట్టాలి.

"ఎంత?"

ఒంటి బరువులో వందకి ఒకటిన్నర వంతు చాలు దానికి, రోజుకి.

"వాడి బరువెంత?"

అదే కదా, నాకేం తెలుసు, కొలుద్దాం అన్నాను. కాటా మీద ఎక్కించే సౌకర్యం మాకు లేదు. టేపు ఉంది. ముందు కాళ్ళ వెనకగా ఛాతీ చుట్టూ ఒక కొలత, భుజం ఎముక దగ్గర్నుంచి పిరుదు చివరిదాకా ఇంకో కొలత. చుట్టుకొలతని దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే, సెంటీమీటర్లలో కొలిచినందుకు జవాబు కిలోల్లో వస్తుంది. వాడు టేపు పట్టుకున్నాడు, నేను రెండో కొస పట్టుకున్నాను. 180, 160. సుద్దముక్కతో తలుపు మీద వేశాడు లెక్క. రెండుసార్లు చెరిపాడు. ఫోన్ తీయబోయి మళ్ళీ లోపల పెట్టుకున్నాడు, ఎందుకో తెలీదు, నేను వద్దనలేదు. 436 కిలోలు. ఒకటిన్నర శాతం అంటే ఆరున్నర కిలోలు. వలసంచీలో గడ్డి కూరి స్ప్రింగ్ కాటాకి తగిలించి, ముల్లు సరిగ్గా అక్కడికి వచ్చేదాకా గుప్పెడు వేసి, గుప్పెడు తీసి, పావుగంట చేశాడు ఆ పని.

తర్వాత ఒకరోజు వాలంటీరుగా వచ్చే పెద్దాయన కంటితోనే అంచనా వేసి సంచీ నింపుతుంటే, మనవాడు వెళ్ళి "అలా అంచనాగా వేస్తే ఎలా? తూకం వేయండి" అని క్లాసు పీకాడు. ఆయన నలభై ఏళ్ళుగా గుర్రాలు పెంచుతున్న మనిషి. నోరెత్తకుండా తూకం వేశాడు.

ఎత్తు దగ్గర ఇంకో గొడవ. గుర్రాల ఎత్తు ఇక్కడ చేతుల్లో చెప్తారు, చెయ్యి అంటే నాలుగంగుళాలు. బిస్కట్ ఎత్తు 13.2. అంటే పదమూడు చేతులా రెండంగుళాలు, మొత్తం 54 అంగుళాలు, దగ్గర దగ్గర 137 సెంటీమీటర్లు. 13.3 తర్వాత 14 వస్తుంది. "ఇది తప్పు లెక్క, 13.2 అంటే పదమూడున్నర ఎలా అవుతుంది?" అని వాడు పోట్లాటకి దిగాడు. దశాంశాలు రావని ఫైల్లో రాసి ఉన్న పిల్లాడు! చుక్క తర్వాతి అంకె నాలుగు ఆధారంగా ఉన్న సంఖ్యామానం అని పేరు చెప్పలేదు. చెబితే మళ్ళీ గేటెక్కేవాడు.

గుర్రాల కడుపులో నులిపురుగులకిచ్చే మందు పాఠం మాత్రం అందరికీ ఇష్టం. ముందు లద్దె శాంపిల్ డబ్బాలో పెట్టి పోస్టులో ల్యాబ్‌కి పంపాలి. గ్రాముకి ఎన్ని పురుగుల గుడ్లున్నాయో వాళ్ళు లెక్కపెట్టి చెప్పాక, అవసరమైతేనే మందు. లద్దెని పోస్టు చేయడం చట్టబద్ధమని తెలిసిన రోజు ఒకడు తన పాత హెడ్‌మాస్టర్ అడ్రస్ అడిగాడు. ఇవ్వలేదు.

గుర్రాల వల్ల పిల్లల మనసు బాగుపడుతుందని చెప్పేవాళ్ళు ఇక్కడ బోలెడుమంది. గుర్రం మీ మనసుకి అద్దం, మీ బాధని అది ముందే పసిగడుతుంది, ఈ తరహా మాటలు. నాకవి ఎక్కవు. పరిశోధనలు ఉన్నాయి గానీ ఎక్కువభాగం చిన్న చిన్న గుంపుల మీద చేసినవి. వాటిని పట్టుకుని మహత్యాలు ప్రచారం చేయలేం. బిస్కట్‌కి ఎవరి మనసూ అక్కర్లేదు, గడ్డి సంచీ ఎవరి చేతిలో ఉందో అదే కావాలి. నా కళ్ళకి కనిపించేది వేరే. అక్కడ పని నిజమైన పని. నువ్వు నీళ్ళ తొట్టి మీద మంచు పగలగొట్టకపోతే ఆ పూట గుర్రం నీళ్ళు తాగదు. నువ్వు చెయ్యకపోతే ఇంకొకరు చెయ్యాలి, అది అందరికీ కనిపిస్తుంది. వర్క్‌షీట్ చింపేస్తే ఎవరికీ ఏ నష్టమూ లేదని పిల్లలకి బాగా తెలుసు. ఆ విషయంలో వాళ్ళు మనకంటే తెలివైనవాళ్ళు.

రూల్స్ సంగతీ అంతే. గుర్రానికి కళ్ళు తలకి అటూ ఇటూ ఉంటాయి, దాదాపు చుట్టూ కనిపిస్తుంది. సరిగ్గా వెనక, నుదుటికి ఎదురుగా మాత్రం కనిపించదు. వెనకనుంచి చప్పుడు లేకుండా వస్తే తన్నుతుంది, అది దాని తప్పు కాదు. వేటకి బలయ్యే జాతి, భయపడి పారిపోవడమే దానికి తెలిసిన విద్య. "వెనకనుంచి రావద్దు" అని మేం చెప్తే, రూల్ అంటేనే ఒంటికాలి మీద లేచే పిల్లలు కూడా ఎందుకని అడగరు. కారణం నాలుగు కాళ్ళ మీద ఎదురుగా నిలబడి ఉంటుంది. స్కూల్లో చొక్కా లోపల దోపుకోకపోతే ఏమవుతుందో ఎవరైనా చెప్పగలరా?

మాటలాడని ఒక అమ్మాయి వచ్చేది. పదిహేనేళ్ళు. స్కూల్ గేటు చూస్తే చెమటలు పట్టి, ఇంటికే పరిమితమైపోయిన పిల్ల. ఇక్కడ గిట్టలు శుభ్రం చేయడం నేర్చుకుంది. గుర్రం భుజం పక్కన తోకవైపు తిరిగి నిలబడాలి. భుజం మీదనుంచి చెయ్యి కాలి వెంట కిందికి జార్చి, గిట్టకి కాస్త పైన వేళ్ళతో నొక్కాలి. అప్పుడది బరువు మిగతా కాళ్ళ మీదికి మార్చి కాలెత్తుతుంది. చెయ్యి మొహమాటంగా వేస్తే ఎత్తదు. ఎత్తాక ఇనుప కొక్కెంతో మడమవైపునుంచి ముందుకి, మట్టి, రాళ్ళు, లద్దె గీకెయ్యాలి. మధ్యలో త్రికోణంలా మెత్తటి భాగం ఉంటుంది, దాన్ని పొడవకూడదు. సందు దొరికితే గుర్రం తన బరువంతా మన మీద వాల్చి హాయిగా నిలబడుతుంది. మా పెద్ద గుర్రానికి ఆ అలవాటు మరీ ఎక్కువ. ఒకరోజు ఆ అమ్మాయి మీద అలాగే వాలింది. నేను పరుగెత్తబోతుంటే వినిపించింది, "ఓయ్, జరుగు! నీ కాళ్ళ మీద నువ్వు నిలబడు!" నేను విన్న ఆ పిల్ల మొదటి మాటలు అవే. గుర్రం జరిగింది.

పేపర్లలో వచ్చే కథలు వేరు. లండన్‌లో బ్రిక్స్‌టన్ పిల్లల కోసం 1996లో మొదలైన ఎబొనీ హార్స్ క్లబ్ ఉంది. అక్కడ స్వారీ నేర్చుకున్న ఖదీజా మెల్లా 2019లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, హిజాబ్ మీద హెల్మెట్ పెట్టుకుని గుడ్‌వుడ్‌లో మాగ్నోలియా కప్ అనే ఆడవాళ్ళ గుర్రప్పందెం గెలిచింది. అమెరికాలో ఫిలడెల్ఫియాలో 1994లో పెట్టిన వర్క్ టు రైడ్ అయితే, పేరులోనే ఉంది కదా, ముందు శాల ఊడ్చాలి, ఆ తర్వాతే స్వారీ. ఆ పిల్లలు 2011లో స్కూల్ పోలోలో జాతీయ ఛాంపియన్లయ్యారు. అక్కడ ఉన్న మనవాళ్ళెవరైనా వెళ్ళి చూసి రాయండి. మా దగ్గర నుంచి జాకీలెవరూ తయారు కారు. సగంమంది జీను కూడా వేయరు. గుర్రమెక్కడం అడిగినవాళ్ళకే, అదీ చాలా తర్వాత.

ఈ మధ్య ఒక తెలుగు కుటుంబం వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే నాన్న. కొడుకు ఆటిజం ఉన్న పిల్లాడు, పెద్ద స్కూల్లో ఆ గోల తట్టుకోలేక వెళ్ళడం మానేశాడు. ఆయన కారు దిగకుండానే అద్దం దించి అడిగారు.

"మేడమ్, మరి జీసీఎస్ఈ సంగతి?" ఇక్కడ పదహారేళ్ళకి రాసే పరీక్షలవి, మన టెన్త్ లాంటివి.

"ఫంక్షనల్ స్కిల్స్ అని పరీక్షలుంటాయండీ. లెవెల్ టూ పాసైతే జీసీఎస్ఈలో గ్రేడ్ 4తో, అంటే మామూలు పాస్‌తో, సమానంగా చూస్తారు. తొందరేం లేదు, పద్దెనిమిది దాకా చదువులోనో ట్రైనింగ్‌లోనో ఉండాల్సిందే ఎలాగూ."

"అది సరేనండీ." కాసేపు స్టీరింగ్ మీద వేళ్ళతో కొట్టారు. "ఊళ్ళో వాళ్ళు అడిగితే ఏం చెప్పాలి?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. మనవాళ్ళ ఇళ్ళలో పిల్లాడు బడికి వెళ్ళట్లేదన్న మాట కంటే, దాన్ని ఎవరికి ఎలా చెప్పాలన్న టెన్షనే పెద్దది. ఓపెన్ స్కూల్లో టెన్త్ రాయించినా బంధువులకి చెప్పరు కొందరు. ఆ పిల్లాడు మాత్రం అప్పటికే కారు దిగి, గడ్డి కుప్ప పక్కన నిలబడి, గుర్రం నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తుందో వాచీ చూసి లెక్కపెడుతున్నాడు. ఎవరూ చెప్పలేదు వాడికి. పన్నెండు అన్నాడు. ఊరికే నిలబడ్డ గుర్రానికి ఎనిమిది నుంచి పదహారు దాకా మామూలే. ఇప్పుడు రోజూ నోట్‌బుక్‌లో రాస్తున్నాడు, ఏ గుర్రానికి ఎంతో. నిజంగానే ఒకదానికి ఎక్కువ వచ్చిన రోజు మాకు వాడే చెప్పాడు, పశువుల డాక్టర్ని పిలిచాం.

అందరికీ ఇది పడుతుందని కాదు. వాసన భరించలేనివాళ్ళున్నారు, ఎలర్జీ ఉన్నవాళ్ళున్నారు. గుర్రమంటే హడలిపోయి పిల్లి దగ్గర కూర్చుని వెళ్ళినవాళ్ళున్నారు. ఆ పిల్లి కూడా జీతం లేని స్టాఫే మాకు. బాగా కుదిరిన పిల్లాడు కూడా ఒక్కోసారి హఠాత్తుగా ఆగిపోతాడు. డబ్బిచ్చేది స్కూలో కౌన్సిలో కాబట్టి, బడ్జెట్ అయిపోయిందని ఒక ఈమెయిల్ వస్తుంది. పిల్లాడికి ఎవరు చెప్పాలన్నది అందులో ఉండదు. నాకు కోపం వచ్చేది అక్కడే. ఎన్నో చోట్లనుంచి తీసేయబడ్డ పిల్లాణ్ణి, కుదురుకున్న చోటునుంచి కూడా తీసేస్తే, ఆ తర్వాత వచ్చేవాళ్ళని వాడు ఎందుకు నమ్మాలి?

పిల్లల్ని పంపాలనుకునే వాళ్ళు నాకు మెసేజ్‌లు పెడుతున్నారు, అందుకే ఈ నాలుగు ముక్కలు. ఏ యార్డ్‌కి వెళ్ళినా ముందు మీరు ఒక పూట ఉండి చూడండి. ఒక్కో పిల్లాడి దగ్గర ఎంతమంది పెద్దవాళ్ళున్నారు, వాళ్ళకి డీబీఎస్ చెక్ (నేర చరిత్ర ఉందేమో చూసే తనిఖీ) అయిందా, హెల్మెట్లు ఇస్తున్నారా, లెక్కలు, ఇంగ్లిష్ ఎవరు చెప్తున్నారు, పిల్లాడు రానని మొండికేసిన రోజు ఏం చేస్తారు, ఇవన్నీ అడగండి. గుర్రాలు ఎలా ఉన్నాయో చూడండి. పక్కటెముకలు తేలి, గిట్టలు పగిలి ఉన్న చోట పిల్లల్ని బాగా చూస్తారంటే నేను నమ్మను. అమ్మానాన్నల్లో ఎవరైనా ఖాళీగా ఉంటే వాలంటీరుగా వెళ్ళండి, లోపలి సంగతులు అలాగే తెలుస్తాయి. లద్దె ఎత్తడానికి మనుషులు కావాలా అని అడిగితే వద్దన్న యార్డ్‌ని నేనింతవరకు చూడలేదు. బూట్లు మాత్రం మంచివి కొనుక్కుని వెళ్ళండి.