ఐసోటైప్ వయల్ మీద చిన్న అక్షరాలు

మొన్న మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఫ్లో సైటోమెట్రీ (కణాలకు రంగు యాంటీబాడీలు అంటించి, ఏవి ఎంత వెలుగుతున్నాయో లేజర్‌తో కొలిచే పద్ధతి) ప్లాట్లు పట్టుకొచ్చింది. "అక్కా, ఐసోటైప్ ట్యూబే అసలు శాంపిల్‌తో సమానంగా వెలుగుతోంది, స్టెయినింగ్ మొత్తం పోయినట్టేనా?" అంది, మొహం చిన్నబోయి ఉంది. ఐసోటైప్ అంటే పోల్చి చూసుకోవడానికి వేసే, టార్గెట్ లేని ఉత్తుత్తి యాంటీబాడీ, అది పెద్దగా వెలగకూడదు.

వయళ్లు రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. అసలు యాంటీబాడీ మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాములు, ఐసోటైప్‌ది 200. తను రెండింట్లోంచీ 5 మైక్రోలీటర్లే వేసింది, అంటే ఒక ట్యూబులో పావు మైక్రోగ్రాము పడితే రెండో దాంట్లో ఒక మైక్రోగ్రాము పడింది. నాలుగింతలు! పైగా తను వాడినవి మనిషి రక్తంలోంచి తీసిన మోనోసైట్లు, అంటే ఒక రకం తెల్ల రక్తకణాలు. వాటి మీదుండే సీడీ64 అనే ఎఫ్‌సీ రిసెప్టర్ (యాంటీబాడీ తోకను పట్టుకునే ప్రోటీన్) మౌస్ ఐజీజీ2ఏ క్లాసు యాంటీబాడీని తోక పట్టుకుని లాగేసుకుంటుంది, దాని టార్గెట్ ఏమిటన్నదానితో దానికి పనే లేదు.

ఐసోటైప్ కంట్రోల్ అంటేనే అది కదా. అదే జంతువుది, అదే క్లాసు, అదే రంగు, అంతే మోతాదు, కాకపోతే మన కణాల మీద అతుక్కోవడానికి దానికి టార్గెట్ ఉండదు. ఇందులో ఏ ఒక్కటి తప్పినా ఆ ట్యూబు చెప్పేది నమ్మకండి. అన్నీ సరిపోయినా సరే, దాన్ని చూసి గేటు (ఏ కణాలు పాజిటివో విడదీసే గీత) గీయొద్దు, గేటుకి ఎఫ్ఎంఓ ట్యూబు, అంటే ఆ ఒక్క రంగు తప్ప మిగతావన్నీ వేసిన ట్యూబు పెట్టుకోండి. ఎఫ్‌సీ బ్లాకింగ్ (ఆ రిసెప్టర్లను ముందే మూసేయడం) సరిగ్గా పనిచేసిందో లేదో చూసుకోవడానికే నేను ఐసోటైప్ వాడతాను.

మర్నాడు ఐసోటైప్‌ని బఫర్‌లో నాలుగో వంతుకి పలచన చేసి, ముందు పది నిమిషాలు బ్లాక్ చేసి, చచ్చిన కణాలను పక్కన పెట్టడానికి వయబిలిటీ డై కూడా వేసి మళ్లీ రన్ చేసింది. ఐసోటైప్ పీక్ వెనక్కొచ్చి అన్‌స్టెయిన్డ్ (రంగు వేయని కణాల) పీక్ పక్కన కూర్చుంది.

ఆ సంతోషంలో మిగిలిన డైల్యూషన్ సింక్‌లో పోయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. చాలా వయళ్లలో పాడవకుండా సోడియం అజైడ్ కలుపుతారు, సాధారణంగా 0.1 శాతం లోపే, లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. చుక్కే కదా అనిపిస్తుంది కానీ రాగి, సీసం పైపుల్లో అది పేరుకుంటూ పోతే పేలే లవణాలుగా మారుతుంది. యాసిడ్ తగిలితే విషవాయువు వస్తుంది. రక్తం ట్యూబులు హైపోలో (బ్లీచ్ ద్రావణంలో) పడేసే అలవాటుతో అజైడ్ ఉన్నవీ అందులో వంపేస్తుంటారు, అదీ ప్రమాదమే. మా దగ్గర వాటికి విడిగా కెమికల్ వేస్ట్ సీసా ఉంది, మీ దగ్గర లేకపోతే అడిగి పెట్టించుకోండి. గ్లవ్స్ సంగతి వేరే చెప్పక్కర్లేదు, మనిషి రక్తంతో పనిచేసేవాళ్లు హెపటైటిస్ బీ టీకా కూడా వేయించుకోవాలి.

ఇంకోటి, అజైడ్ కణాల శ్వాసనే ఆపేస్తుంది. కాబట్టి ఆ వయల్ కల్చర్‌లోకి (బతికున్న కణాలను పెంచేచోటికి) వెళ్లకూడదు, దానికి అజైడ్ లేనిది, ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా విషపదార్థం) తక్కువున్నది వేరే కొనాలి. ఆ అమ్మాయి ఇప్పుడు మా ఫ్రిజ్‌లో ఐసోటైప్ డబ్బా మీద ఎర్ర మార్కర్‌తో "కల్చర్‌కి కాదు" అని పెద్దగా రాసిపెట్టింది.