డబ్బు అడుగున పెట్టాం: మా క్యాంపర్ ట్రైలర్ ఎంపిక

క్యాంపర్ ట్రైలర్ అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లి, ఆగిన చోట పడుకునే బండి. దాన్ని అమ్మేవారు ఎవరైనా ముందుగా తలుపు తెరిచి చూపిస్తారు. లోపల పరుపు, మడత వంటగట్టు, చిన్న ఫ్రిజ్, తలగడ దగ్గర దీపం. మనసు అక్కడే ఆగిపోతుంది. మా బాపు ఆ తలుపు వైపు చూడడు. నేల మీద గోనెసంచి పరిచి, టార్చిలైటు పట్టుకుని, వెల్లకిలా ట్రైలర్ కిందికి జరుగుతాడు. నర్సంపేట రోడ్డులో 30 ఏళ్లకు పైగా ట్రాక్టర్ ట్రాలీలు కట్టిన మనిషి. "ఇల్లు తర్వాత చూద్దాం బిడ్డా, ముందు బండి గట్టిదో కాదో చూడనీ" అన్నాడు మేం మొదట వెళ్లిన చోట. చివరికి కొన్న ట్రైలర్‌ను ఆ వరుసలోనే ఎంచుకున్నాం. తక్కువ డబ్బుతో, చెడ్డ దారుల్లో ఏళ్ల తరబడి నిలిచే బండి కావాలంటే వేరే పద్ధతి లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మాది హనుమకొండ. నేను బడిలో భౌతికశాస్త్రం చెబుతాను. ఇంట్లో బొలెరో ఉంది. ట్రైలర్‌కు, దాని మీది గుడారానికి, లోపలి సామానుకు కలిపి మూడున్నర లక్షలకు మించకూడదని అనుకున్నాం. సెలవులు దొరికితే మేం ములుగు దాటి పస్రా, తాడ్వాయి, ఏటూరునాగారం, వాజేడు వైపు పోతాం. ఆ వైపు మా మేనత్తల ఊళ్లు, చేలు ఉన్నాయి. అభయారణ్యంలో ఇష్టం వచ్చిన చోట బండి ఆపి రాత్రి పడుకోవడానికి వీల్లేదు, పడుకోకూడదు కూడా. మేం ఆగేది బంధువుల చేలలో, మామిడి తోటల్లో, అడిగి ఒప్పించుకున్న గుడి ఆవరణల్లో. తారు రోడ్డు మీద ఏ ట్రైలరైనా వెంట వస్తుంది. రోడ్డు దిగాక చేను దాకా ఉండే ఆ కాస్త దూరమే అసలు పరీక్ష.

బండి కట్టుకుని వెళ్లి దాని దగ్గరే పడుకోవడం మనవాళ్లకు కొత్త కాదు. మేడారం జాతరకు ఎడ్లబండ్ల మీద పోయి, జంపన్నవాగు దగ్గర గుడారాలు వేసుకుని ఉన్న పెద్దవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. ఆ బండ్లకు సొగసు తక్కువ, ఇరుసు గట్టి.

చెడ్డ దారుల క్యాంపర్ ట్రైలర్ల గురించి దొరికే సలహాల్లో చాలా భాగం ఆస్ట్రేలియా వాళ్లవి. అక్కడి గిబ్ రివర్ రోడ్డు దాదాపు 660 కిలోమీటర్లు, అందులో ఎక్కువ భాగం కంకరమట్టి. దాని మీద అడ్డంగా, దగ్గర దగ్గరగా అలలు లేచి ఉంటాయి. ఆ అలల మీద గంటల తరబడి వేగంగా పోతే షాక్ అబ్జార్బర్‌లోని నూనె కాగిపోయి పట్టు కోల్పోతుంది, నట్లు వదులవుతాయి. అందుకే వాళ్లు ఒక్కో చక్రాన్ని విడిగా పట్టుకునే ఒక ఇనుప చేయి, కాయిల్ స్ప్రింగు, జంట షాక్ అబ్జార్బర్లు ఉండాలంటారు. వాళ్ల దారికి అది సరైన మాటే. మన దారుల జబ్బు వేరు. గుంతలు, ఊరూరా స్పీడ్ బ్రేకర్లు, ట్రాక్టర్ చక్రాలు తొక్కిన గాడులు, వాగుల మీద లోలెవెల్ వంతెనలు, వానాకాలం నల్లరేగడి. అక్కడ మన వేగం గంటకు 20 కిలోమీటర్లు దాటదు. ఆ వేగానికి కమాన్ కట్టల మీద, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగుల మీద, కూర్చున్న సాదా ఇరుసు చాలు. పట్టీ విరిగితే ములుగులోనో ఏటూరునాగారంలోనో ట్రాలీలు బాగుచేసేవారు మార్చి పంపుతారు. ఎక్కడి నుంచో తెప్పించుకోవాల్సిన భాగం విరిగితే అది వచ్చే దాకా బండి చేనులోనే ఉండిపోతుంది. డబ్బు తక్కువున్నవాళ్లు కమాన్లకే పోవాలని నా అభిప్రాయం.

ఎలాంటి కమాన్లు అన్న దగ్గర బాపూ నేనూ చాలాసేపు వాదించుకున్నాం. ట్రాలీ మీద టన్నుల కొద్దీ వడ్లు, ఇసుక, ఇటుకలు వేస్తారు కాబట్టి దాని కట్టల్లో పట్టీలు ఎక్కువ, మందం ఎక్కువ. బాపు చేయి అలవాటుగా అటే పోతుంది. అవే కట్టలను 600 కిలోల క్యాంపర్ కింద బిగిస్తే అవి వంగనే వంగవు. గుంతలో చక్రం పడిన దెబ్బ నేరుగా పెట్టె అతుకులకు, గ్యాస్ గొట్టానికి, బ్యాటరీ బిగింపులకు చేరుతుంది. స్ప్రింగు చేయాల్సింది ఆ దెబ్బను కాస్త ఎక్కువ సేపు సాగదీసి, బలం తగ్గించి పైకి పంపడం. కదలని స్ప్రింగు ఉన్నా లేనట్టే. ఇది కాగితం మీద గీసి చూపించాక బాపు తనే ఒక పరీక్ష కనిపెట్టాడు. ఇద్దరం ట్రైలర్ మీద ఎక్కి నిలబడాలి, పెట్టె ఎంత దిగిందో పక్కనున్నవారు టేపుతో కొలవాలి. ఒకచోట అమ్మే అతను కూడా మాతో ఎక్కినా టేపు మీద తేడా కనిపించలేదు. "చాలా గట్టి బండి సార్" అన్నాడతను. "సామానుకు గట్టిదే బాబూ, ఇందులో పడుకునేది మనుషులు కదా" అని బాపు దిగి వచ్చేశాడు.

మొత్తం బరువుకు మేం గీసుకున్న గీత 750 కిలోలు. నీళ్లు, గ్యాస్, బట్టలు, గిన్నెలు అన్నీ కలిపి. ఆస్ట్రేలియాలోనూ యూరప్‌లోనూ అంతవరకు ట్రైలర్‌కు సొంత బ్రేకులు తప్పనిసరి కాదు. ఆ పైన ఉండి తీరాలి. బ్రేకులున్న ఇరుసు మా లెక్కలో పట్టదు కాబట్టి బరువునే అదుపులో పెట్టాం. అందుకు ఇనుము దగ్గరే మొదలుపెట్టాలి. ట్రాలీల్లో వాడే 75 మిల్లీమీటర్ల సీ ఛానల్ మీటరుకు సుమారు 7 కిలోలు తూగుతుంది. 80, 40 మిల్లీమీటర్ల కొలతల్లో 3 మిల్లీమీటర్ల మందం ఉన్న గొట్టం 5 కిలోల పైచిలుకు. చాసీకి, అంటే బండి అడుగు కట్టడానికి, 20 మీటర్ల ఇనుము పడుతుందనుకుంటే 30 కిలోలకు పైగా అక్కడే మిగులుతుంది. పైగా చేను గట్టు ఎక్కేటప్పుడు ఒక చక్రం పైకి, ఒకటి కిందికి పోయి చాసీ మెలిపడుతుంది. ఒకవైపు తెరుచుకున్న ఛానల్ ఆ మెలికకు తేలిగ్గా లొంగుతుంది, నాలుగు వైపులా మూసుకున్న గొట్టం లొంగదు.

కింద పడుకుని బాపు మొదట టార్చి వేసేది డ్రాబార్ మీద. బొలెరోకు తగిలించే ఆ ముక్కోణపు చట్రం చాసీ ముందు అడ్డపట్టీ దగ్గర ఆగిపోయి అక్కడే వెల్డింగ్ అయి ఉంటే ఆ బండి మాకు వద్దు. లాగినప్పుడూ, గుంతల్లో ముక్కు పైకీ కిందికీ ఊగినప్పుడూ బలమంతా ఆ ఒక్క అతుకు మీదే పడుతుంది. పగులు అక్కడే మొదలవుతుంది. చట్రం గొట్టాలు చాసీ అడుగున వెనక్కి సాగి, కనీసం కమాన్ ముందు బ్రాకెట్ దాకా పోవాలి. వైర్ల కోసం వేసిన రంధ్రాలు గొట్టం పక్కభాగం మధ్యలో ఉన్నాయా, కింది అంచున ఉన్నాయా అన్నదీ చూస్తాడు. వంగేటప్పుడు గొట్టం అంచులు అన్నిటికన్నా ఎక్కువ సాగుతాయి, నలుగుతాయి, అందుకే అక్కడ రంధ్రం పడితే పగులుకు దారి దొరికినట్టే. నేను సూత్రంతో చెప్పగలిగిన దాన్ని ఆయన విరిగిన ట్రాలీలు చూసి తెలుసుకున్నాడు. నాకు ఆ అడుగున పక్కపక్కన పడుకున్న మధ్యాహ్నాలు ఎంతో ఇష్టం.

తుప్పు సంగతి. చాసీ మొత్తం కట్టాక కరిగిన జింకులో ముంచితే గొట్టాల లోపలి గోడలకు కూడా పూత పడుతుంది. జింకు తొట్టి వేడి దాదాపు 450 డిగ్రీలు. గాలి పోయే రంధ్రాలు లేని గొట్టం అందులో పేలిపోగలదు, కనుక నిజంగా ముంచిన చాసీకి ఆ రంధ్రాలు తప్పక కనిపిస్తాయి. వెండి రంగు వేసి జింకు పూత అని చెప్పేవారిని ఆ గుర్తుతో పట్టుకోవచ్చు. మేం కొన్నదానికి జింకు పూత లేదు. రెడ్ ఆక్సైడ్, దాని మీద ఎపాక్సీ రంగు ఉన్నాయి. గొట్టాల లోపలికి బాపు మైనం కలిపిన నూనె పిచికారీ చేశాడు. ఏటా వానలకు ముందు మళ్లీ చేయాలి.

చక్రాలు బొలెరోవే ఉండాలని పట్టుబట్టాం. 215/75 ఆర్15 టైర్లు, అవే బోల్టు రంధ్రాలు, అదే చక్రాల మధ్య వెడల్పు. ఒకే రకం స్టెప్నీ రెండింటికీ పనికొస్తుంది. బొలెరో తొక్కిన గాడిలోనే ట్రైలర్ చక్రమూ నడుస్తుంది కాబట్టి బురదలో కొత్త గాడి కోయాల్సిన పని ఉండదు. మరో విషయం, దీన్ని అమ్మేవారు ఎవరూ చెప్పలేదు: టైరుకు, మడ్‌గార్డుకు మధ్య ఖాళీ. నల్లరేగడి టైరుకు అంటుకుని, పొర మీద పొర చేరి, ఇరుకు మడ్‌గార్డులో గట్టిపడి చక్రాన్నే ఆపేస్తుంది. అప్పుడు ట్రైలర్ దొర్లదు, ఈడ్చుకుంటూ వస్తుంది. నా అరచేయి వేళ్లన్నీ చాచి పట్టేంత ఖాళీ ఉంటేనే సరే అన్నాం.

కొనేముందు తారు రోడ్డు మీద అరగంట లాగి చూడండి. ఆపిన వెంటనే రెండు చక్రాల మధ్య భాగాల్లో, అంటే హబ్బుల దగ్గర చేయి పెట్టాలి. గోరువెచ్చగా ఉంటే మంచిదే. ఒకటి చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే బేరింగ్ బిగింపో గ్రీజో తేడా ఉంది. వాగు దాటేటప్పుడు కూడా ఈ వేడే ముఖ్యం. వేడెక్కిన హబ్బు చల్లటి నీటిలో దిగితే లోపలి గాలి ముడుచుకుని, సీలు సందుల్లోంచి నీటిని లోపలికి పీలుస్తుంది. గ్రీజు తెల్లగా పాలిపోతే అదే కారణం. కాసేపు ఆగి చల్లారనిచ్చి దిగడం, ఇంటికొచ్చాక విప్పి చూడడం తప్ప మందు లేదు.

వాగు మాట వచ్చింది కనుక నన్ను అన్నిటికన్నా భయపెట్టిన లెక్క చెబుతాను. దుమ్ము రాకుండా రబ్బరు సీళ్లతో బాగా మూసిన పెట్టె నీటిలో పడవలా తేలుతుంది. మా పెట్టె అడుగు 2 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు. నీరు ఆ అడుగును దాటి 10 సెంటీమీటర్లు పైకి వస్తే 240 కిలోల బరువును నీరే మోస్తుంది. 30 సెంటీమీటర్లకు 720 కిలోలు. అంటే సామానుతో నిండిన మా ట్రైలర్ దాదాపు మొత్తంగా లేచిపోతుంది, చక్రాలకు నేల అందదు, ప్రవాహం దాన్ని పక్కకు తోస్తుంది, దాంతోపాటు బొలెరోను కూడా. 2023 జూలైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచిన తీరు చూసినవాళ్లం. మేం పారే నీరు పెట్టె అడుగును తాకే చోట దాటము. అంతే కాక అడుగున విప్పగలిగే డ్రెయిన్ మూతలు ఉన్న పెట్టెనే ఎంచుకున్నాం.

బొలెరో కొక్కెం మీద పడే బరువు మొత్తంలో పదో వంతు చుట్టుపక్కల ఉండాలి. ట్రైలర్ 700 కిలోలైతే అక్కడ 70. అంతకంటే బాగా తగ్గితే జాతీయ రహదారి మీద వేగం పెరిగేసరికి ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. ధాన్యం తూచే కాటా మీద ట్రైలర్ ముక్కును సరైన ఎత్తులో ఆనించి తూచాం. నీళ్ల ట్యాంకు ఇరుసుకు కొంచెం ముందు ఉన్న నమూనాను అందుకే తీసుకున్నాం.

పైకప్పు గుడారం కాన్వాసుది. రెగ్జిన్‌ లాంటి గుడ్డ చవక, కానీ ఊపిరాడదు. తెల్లవారుజామున లోపలి గోడలు చెమ్మగిల్లుతాయి. మన ఎండాకాలానికి నాలుగు వైపులా దోమతెర కిటికీలు ఉండాలి. కొత్త కాన్వాసును ఒకసారి బాగా తడిపి ఆరబెడితే నూలు ఉబ్బి కుట్టు రంధ్రాలు మూసుకుంటాయి. ఆ పని డాబా మీద చేశాం. కింద పరిచేది కొత్తవాడ జంపఖానా. దాన్ని మించినది నాకు దొరకలేదు.

కాగితాలు. ట్రాక్టర్‌కు ఒక నంబరు, ట్రాలీకి ఒక నంబరు ఉన్నట్టే క్యాంపర్ ట్రైలర్‌కూ సొంత రిజిస్ట్రేషన్ కావాలి. తయారుచేసినవారు అమ్మకపు పత్రం ఫారం 21, రోడ్డుకు పనికొస్తుందనే ఫారం 22 ఇస్తేనే ఫారం 20తో దరఖాస్తు చేయగలం. "తర్వాత చూసుకోవచ్చు మేడం" అని ఒకచోట అన్నారు. చవకే. అయినా వద్దన్నాం.

చివరికి మేం కొన్నది చాసీ, ఇరుసు, ఖాళీ పెట్టె, గుడారం మాత్రమే ఉన్నది. మూడింట రెండు వంతుల డబ్బు దానికే పోయింది. లోపలి అరలు బాపు, మా ఆయన కలిసి ప్లైవుడ్‌తో చేస్తున్నారు. విద్యుత్తు లెక్క నాది. 15 వాట్ల ఫ్యాన్లు రెండు రాత్రంతా 10 గంటలు తిరిగితే 300 వాట్-అవర్లు, దీపాలకు మరో 40. 12.8 వోల్టుల, 50 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 640 వాట్-అవర్లు ఉంటాయి; 100 వాట్ల సౌర ఫలకం మంచి ఎండ రోజున వాడినదాన్ని తిరిగి నింపుతుంది. ఫ్రిజ్ పెడితే ఈ రెండూ పెద్దవి కావాలి. అందుకే ఫ్రిజ్ ఇప్పుడు వద్దనుకుని, ఆ డబ్బులో కొంతతో రెండో జత బేరింగులు, సీళ్లు, ఒక కమాన్ మెయిన్ పట్టీ, రెండు యూ బోల్టులు కొని ట్రైలర్ ముందువైపు పెట్టెలో పెట్టాం.