నాయన తద్దినం రోజు ఒక అమెరికా కవి

పోయిన వారం కపిలతీర్థంలో నాయన తద్దినం పెట్టాం. నేనేమో ఫోన్‌లో తారీఖు చూసుకుని ఆఫీసులో సెలవు కూడా చెప్పేశాను, తీరా అమ్మ "తారీఖు కాదురా, తిథి చూడాల, ఈసారి నాలుగు రోజులు ముందే వస్తా ఉంది" అనింది. మళ్ళీ సెలవు మార్పించుకుని వెళ్ళి, అయ్యవారి కోసం మెట్ల మీద కూర్చుని ఉంటే అమెరికా కవి డబ్ల్యూ.ఎస్. మెర్విన్ కవిత ఒకటి గుర్తొచ్చింది.

‘ఫర్ ది యానివర్సరీ ఆఫ్ మై డెత్’ దాని పేరు, 1967లో వచ్చిన ‘ద లైస్’ పుస్తకంలోది. లైస్ అంటే పేలు, పేరు చూసి భయపడొద్దు. నేను పోబోయే రోజు ఏటా వస్తూనే ఉంది, అదేనని తెలియక దాటేస్తున్నాను అంటాడు. అంతే విషయం. అప్పటికి ఆయనకు దాదాపు నలభై ఏళ్ళు. చివరికి ఆ రోజు 2019 మార్చి 15 అయింది, తొంభై ఒక్క ఏళ్ళ వయసులో. అంటే ఆ పుస్తకం అచ్చయ్యాక కూడా యాభైకి పైగా మార్చి 15లు దాటాడు. ఆ మధ్యలోనే 1971లో పులిట్జర్ బహుమతి వస్తే వియత్నాం యుద్ధానికి నిరసనగా ఆ డబ్బు ఇచ్చేశాడు, 2009లో ఇంకోసారి వచ్చింది. హవాయిలో అనాస సాగుతో పీల్చి పిప్పి చేసి వదిలేసిన నేల కొని, రెండు వేలకు పైగా తాటిజాతి చెట్లు పెంచాడు.

కాలేజీ రోజుల్లో ఎజ్రా పౌండ్ అనే పెద్ద కవిని చూడ్డానికి వెళితే, రోజుకు డెబ్బై ఐదు పంక్తులు రాయి, అనువాదాలు చెయ్యి, నీ భాష నీకు అప్పుడే తెలుస్తుంది అన్నాడట. ఈయన జీవితాంతం చేశాడు, స్పానిష్, ఫ్రెంచ్, ఇటలీ కవి దాంతే ‘పర్గటోరియో’, మాసన్ అనే సంస్కృత పండితుడితో కలిసి మన సంస్కృత ప్రేమ పద్యాలు కూడా.

సరే, నేనూ ఈ ఒక్క కవితా తెలుగు చేద్దామని కూర్చున్నాను. పేరు దగ్గరే ఆగిపోయాను. ‘నా మరణ వర్ధంతి’ అంటే ఫ్లెక్సీలా ఉంది. ‘నా తద్దినం’ అంటే కుళాయి దగ్గర తిట్టులా ఉంది, పైగా తద్దినం మన వాళ్ళు మనకు పెట్టేది, మనం పెట్టుకునేది కాదు. అన్నిటికంటే పెద్ద చిక్కు అమ్మ చెప్పిందే, తిథి ఏటా ముందుకీ వెనక్కీ జరుగుతుంటే ‘ఆ రోజు’ని దాటడం ఎలా?

ఆయన కామాలూ చుక్కలూ వాడడు. అది మనకు సులువే అనుకున్నాను, అన్నమయ్య రాగిరేకుల మీద మాత్రం కామాలెక్కడున్నాయి? కానీ తెలుగులో క్రియ రాగానే వాక్యం ఆగిపోతుంది, చుక్క పెట్టకపోయినా పెట్టినట్టే. ‘దాటుతూ’, ‘వింటూ’ అని సాగదీస్తే కాస్త నయం.

చివర్లో మూడు రోజుల వాన తెరిపిస్తుంది, ఒక పిట్ట కూస్తుంది, ఈయన దేనికో తెలియకుండానే తల వంచుతాడు. ‘దణ్ణం పెడుతూ’ అని రాసేసి బాగుందనుకున్నాను. ఆ రోజు తిరిగొచ్చేటప్పుడు ఆటో అతను ఫోన్లో మాట్లాడుతూనే, కొండ వైపు చూడనైనా చూడకుండా, ఒక చెయ్యి గుండెకు తాకించి ముద్దు పెట్టుకున్నాడు. మా ఊళ్ళో దణ్ణం అనే మాట రాస్తే అది ఎవరికో అందరికీ తెలిసిపోతుంది. కొట్టేసి ‘వంగి’ అని పెట్టాను. పేరు చోటు ఇంకా ఖాళీగానే ఉంది.