ఎగ్జామ్ డేట్ తేలనప్పుడు సిలబస్ ఎలా తిప్పాలి? షెడ్యూలింగ్ చాప్టర్ చెప్పిన దారి

ఫ్రెండ్స్, గేట్ అయితే ఫిబ్రవరిలో ఉంటుందని ముందే తెలుసు, వెనక్కి లెక్కేసుకుని చదవొచ్చు. పాలిటెక్నిక్ లెక్చరర్ పోస్టులకు ఆ సుఖం లేదు. అదిగో ఇదిగో అంటారు, వాయిదా అంటారు, ఉన్నట్టుండి హాల్‌టికెట్లు దించుకోమంటారు. ఒంగోలు లాయర్‌పేటలో మా రూమ్ మొత్తానిదీ ఇదే గోల. నాకు దారి దొరికింది కంప్యూటర్ సైన్స్ సిలబస్ పక్కనే.

షెడ్యూలింగ్ అంటే ఏ పని ముందు చేయాలో తేల్చడం. చిన్న పని ముందు అనే ఎస్‌జేఎఫ్‌కి (షార్టెస్ట్ జాబ్ ఫస్ట్) పని ఎంతసేపు పడుతుందో తెలియాలి. గడువు దగ్గరున్నది ముందు అనే ఈడీఎఫ్‌కి (ఎర్లియెస్ట్ డెడ్‌లైన్ ఫస్ట్) డెడ్‌లైన్ తెలియాలి. అవి తెలియకపోతే ఆన్‌లైన్ అల్గారిథమే గతి, అంటే ముందేం వస్తుందో తెలియకుండానే నిర్ణయాలు తీసుకునే పద్ధతి. అన్నీ ముందే తెలిసినవాడి కన్నా మనం ఎన్ని రెట్లు వెనకబడతామో చెప్పేదే కాంపిటీటివ్ రేషియో.

ఎప్పుడు ఆపేస్తారో తెలియని పనికి 1991లో రసెల్, జిల్బర్‌స్టైన్ అనే కంప్యూటర్ సైంటిస్టులు చెప్పిన పద్ధతి చూడండి. పనిని 1, 2, 4, 8, 16 యూనిట్ల గడువులతో ప్రతిసారీ మొదటి నుంచి నడపాలి. 31వ యూనిట్ పూర్తయ్యేలోపు, చివరి క్షణంలో ఆపేశారనుకోండి. 16 ఇంకా ముగియలేదు, చేతిలో ఉన్నది 8 యూనిట్ల ఫలితం. గడువు తెలిసినవాడు మొత్తం 31 యూనిట్లూ వాడుకునేవాడు. 31 బై 8 అంటే 3.875. మొదటి రౌండ్ దాటాక ఎప్పుడు ఆపినా 4 దాటదు.

రెట్టింపే ఎందుకో బట్టీ పట్టొద్దు, రఫ్ పేపర్ మీద చేయండి. రౌండ్‌ని బి రెట్లు పెంచుతూ పోతే రేషియో బి²/(బి − 1) దగ్గరికి చేరుతుంది. బి 3 అయితే 4.5. రేషియో అన్నిటికన్నా తగ్గే చోటు కోసం డెరివేటివ్ సున్నా చేస్తే బి 2, రేషియో 4. అదే 1, 2, 3, 4 అని ఒక్కొక్కటే పెంచితే రేషియోకి హద్దే ఉండదు.

మావాళ్లు చాలామంది నెల డీబీఎంఎస్ (డేటాబేస్), నెల ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్స్) అని సాగదీస్తారు. మధ్యలో డేట్ పడితే నెట్‌వర్క్స్ పుస్తకం తెరవనే తెరవరు. నేను సిలబస్ మొత్తాన్నీ ముందు వారంలో, తర్వాత రెండు వారాల్లో, ఆపైన నాలుగు వారాల్లో తిప్పాను. వారం రౌండ్‌లో థియరీ జోలికి పోలేదు. ఓఎస్ అంటే గాంట్ చార్ట్ (ఏ పని ఎప్పుడు నడిచిందో చూపే పట్టీ) గీసి యావరేజ్ వెయిటింగ్ టైమ్ తీయడం, అంతే. డిస్క్రీట్ మ్యాథ్స్ మాత్రం వారానికి లొంగదు, దాన్ని రెండో రౌండ్‌కి నెట్టేయండి. పైగా ఆ అల్గారిథమ్ ప్రతిసారీ సున్నా నుంచి మొదలుపెడుతుంది. మనకి ఎంతో కొంత గుర్తుంటుంది కాబట్టి నష్టం అంత ఉండదు.

డేట్ వచ్చేసిందా, ఉన్న రౌండ్ అక్కడే ఆపేయండి. తక్కువ టైమ్‌లో మార్కులు తెచ్చేవి ముందు పెట్టుకోండి. నా లిస్టులో అయితే ఓఎస్‌లో పేజ్ రీప్లేస్‌మెంట్, నెట్‌వర్క్స్‌లో సబ్‌నెట్టింగ్, ఆ తర్వాతే డీబీఎంఎస్‌లో నార్మలైజేషన్.