అథ్లెటిక్స్ కోచ్ జాబ్‌కి రెజ్యూమె రాసుకోవడం – నా అనుభవం

నేను 11 ఏళ్లు 400 మీటర్లు పరిగెత్తా, ఆ తర్వాత 4 ఏళ్లు మా కోచ్ సార్ దగ్గరే అసిస్టెంట్‌గా ఉన్నా, కానీ రెజ్యూమె అనేది ఒక్కసారి కూడా రాయలేదు, ఎవరూ అడగలేదు కూడా. గ్రౌండ్‌లో అందరికీ అందరూ తెలుసు కదా. ఒక అకాడమీలో అండర్-16 పిల్లలకి స్ప్రింట్స్ కోచ్ కావాలని తెలిసినప్పుడు మొదటిసారి కూర్చుని రాశా.

ఒక్క సాయంత్రంలో అయిపోయింది. పైన ఫొటో, కింద నా బెస్ట్ టైమ్, ఏ మీట్‌లో (పోటీలో) ఎన్నో ప్లేస్, మెడల్స్ అన్నీ వరసగా, చివర్లో రెండు లైన్లలో 'అసిస్టెంట్ కోచ్, 4 ఏళ్లు, పిల్లలకి ట్రైనింగ్ ఇచ్చాను' అని. మూడు చోట్లకి పంపా. ఒక్క చోట నుంచి కూడా ఫోన్ రాలేదు. బాధేసింది నిజంగా, ఎందుకంటే పని వచ్చు అన్న నమ్మకం నాకు గట్టిగా ఉంది.

సార్‌కి చూపిస్తే ఆయన మొత్తం చదివి 'ఇందులో పిల్లలెక్కడ?' అన్నారు. నాకు అర్థం కాలేదు. 'నువ్వెంత స్పీడ్‌గా పరిగెత్తావో రాశావు రా, వాళ్లు జాబ్ ఇచ్చేది పరిగెత్తించడానికి కదా' అన్నారు. ఆ మాట విన్నాక ఆ కాగితాన్ని మళ్లీ చూడబుద్ధి కాలేదు, మొదటి నుంచి మొదలుపెట్టా.

అదృష్టం ఏంటంటే సార్ నాకు మొదట్నుంచీ సెషన్ డైరీ రాయడం అలవాటు చేశారు. ఎంతమంది వచ్చారు, ఏం డ్రిల్స్ చేశారు, ఎవరికి హామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) పట్టేసింది, ఎవరు మానేశారు అన్నీ ఉన్నాయి. వారం రోజులు వాటితోనే గడిచింది. 'పిల్లలకి ట్రైనింగ్ ఇచ్చాను' అన్న లైన్ పోయి '11 నుంచి 15 ఏళ్ల పిల్లలు 22 మంది, వారానికి 4 సెషన్లు, సీజన్ ప్లాన్ నేనే రాశాను, రెండో సీజన్‌కి 19 మంది కొనసాగారు' అన్నది వచ్చింది. ఆ 19 అన్న నంబర్ నా మెడల్స్ కంటే ఎక్కువ మాట్లాడుతుందని అప్పుడు తెలియలేదు. ఆ వయసులో పిల్లలు ఆట మానేయడమే పెద్ద సమస్య, వాళ్లని నిలబెట్టుకోవడం కోచ్ పనిలో సగం అని నా నమ్మకం.

ఇక టైమింగ్స్ దగ్గర చాలా ఆగాల్సి వచ్చింది, ఇది మాత్రం వివరంగా చెప్తా ఎందుకంటే చాలామంది కోచ్‌లు ఇక్కడ తెలియకుండానే తప్పు రాస్తారు. నా దగ్గర ఒక పాప 100 మీటర్లు ఒక మీట్‌లో 13.12 సెకన్లు, అది ఎలక్ట్రానిక్ టైమింగ్, అంటే గన్ పేలగానే మెషీనే టైమ్ మొదలుపెడుతుంది. ఏడాది తర్వాత నేను స్టాప్‌వాచ్‌తో తీసింది 12.8. డ్రాఫ్ట్‌లో 0.32 సెకన్లు తగ్గింది అని సంతోషంగా రాసేశా. రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది, స్టాప్‌వాచ్ నొక్కే మనిషి స్టార్ట్ గన్ పొగ చూశాక నొక్కుతాడు, ఆ ఆలస్యం వల్ల టైమ్ తక్కువ వస్తుంది, అందుకే 100, 200 మీటర్లకి హ్యాండ్ టైమ్‌కి 0.24 కలిపి, 400కి 0.14 కలిపి ఎలక్ట్రానిక్‌తో పోల్చడం ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి. అలా కలిపితే 12.8 కాస్తా 13.04 అవుతుంది, అంటే నిజంగా తగ్గింది 0.08 మాత్రమే. పైగా గాలి వెనక నుంచి సెకనుకి 2 మీటర్లు దాటితే ఆ టైమ్ రికార్డుకి పనికిరాదు, మా గ్రౌండ్‌లో గాలి కొలిచేది లేనే లేదు. ఆ లైన్ తీసేశా. మిగతా వాటిల్లో మీట్‌లో ఎలక్ట్రానిక్‌తో వచ్చినవి మాత్రమే ఉంచి పక్కన అదే రాశా.

ఇంకోటి, 13 ఏళ్ల అబ్బాయి 15కి వచ్చేసరికి ఎత్తు పెరిగి కాలు పొడవైతే టైమ్ దానంతటదే తగ్గుతుంది, అదంతా నా ఖాతాలో వేసుకోవడం నాకు న్యాయంగా అనిపించలేదు. అందుకని 'నా ట్రైనింగ్ వల్ల' అని ఎక్కడా రాయలేదు, 'నా గ్రూప్‌లో ఉన్న 2 సీజన్లలో' అని రాశా. పిల్లల పేర్లు కూడా పెట్టలేదు, మైనర్లు కదా, 'అండర్-14 అమ్మాయి, 200 మీటర్లు' అంటే చాలు.

సర్టిఫికెట్ల దగ్గర ఒక దెబ్బ తగిలింది. ఫస్ట్ ఎయిడ్, సీపీఆర్ సర్టిఫికెట్ తీసి చూస్తే 2 ఏళ్ల వాలిడిటీ అయిపోయి అప్పటికే 3 నెలలు! పిల్లలతో పని చేసేవాడిని, అది చూసుకోకపోవడం తప్పే. ఒక రోజు కోర్సు మళ్లీ చేసి వచ్చాకే రెజ్యూమెలో ఎక్కించా. ప్రతి సర్టిఫికెట్‌కి పూర్తి పేరు, ఇచ్చింది ఎవరు, ఏ లెవెల్, ఎప్పటిదాకా పనికొస్తుంది, ఈ నాలుగూ రాశా. పిల్లల భద్రత కోర్సు చేసి ఉంటే దాన్ని పైనే పెట్టండి, కింద ఎక్కడో దాచొద్దు.

డిజైన్ గురించి పెద్దగా లేదు. రెండు కాలమ్స్ టెంప్లేట్ వాడా మొదట, టెక్స్ట్ మొత్తం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే లైన్లు కలగాపులగం అయిపోయాయి, రెజ్యూమెలు చదివే సాఫ్ట్‌వేర్‌కి కూడా అలాగే కనిపించొచ్చు అని ఒకే కాలమ్‌కి మార్చి పీడీఎఫ్ చేశా. ఫొటో తీసేశా. నా మెడల్స్ చివర్లో 3 లైన్లకి వచ్చాయి, కొంచెం గుండె గట్టి చేసుకోవాల్సి వచ్చింది ఆ పనికి. రిఫరెన్స్‌కి సార్‌ని, ఒక పేరెంట్‌ని ముందే అడిగి, ఏ పోస్టుకి పంపుతున్నానో చెప్పి పెట్టా.

రెండు చోట్లకి పంపితే ఒక చోట నుంచి పిలిచారు. ఇంటర్వ్యూలో మెడల్స్ గురించి ఒక్క ప్రశ్న రాలేదు. ఇంటర్వ్యూ చేసిన మేడమ్ 22, 19 దగ్గర వేలు పెట్టి 'ఆ ముగ్గురు ఎందుకు మానేశారు?' అని అడిగారు. డైరీలో ఉంది కాబట్టి చెప్పగలిగా, ఒకరికి మోకాలి నొప్పి, ఒకరు వేరే ఊరు వెళ్లిపోయారు, మూడో అబ్బాయికి నేను వయసుకి మించి రిపీట్స్ (ఒకే దూరం మళ్లీ మళ్లీ పరిగెత్తించడం) ఇచ్చా, వాడికి పరుగు మీద ఇష్టం పోయింది, దాని తర్వాత నేను ప్లాన్ మార్చా అని ఉన్నదున్నట్టు చెప్పా. ఆవిడ కాసేపు రాసుకుని, శనివారం వచ్చి 40 నిమిషాల ట్రయల్ సెషన్ తీసుకోమన్నారు.

చేరి ఇప్పటికి 5 నెలలు. డైరీలో ఈసారి ప్రతి టైమ్ పక్కన హ్యాండా ఎలక్ట్రానిక్కా అని కూడా రాస్తున్నా.