కూపన్ల పుస్తకం

ఆదివారం మొత్తం లక్కీ డ్రా కూపన్లకే సరిపోయింది. పాప చదివే స్కూల్లో నాలుగో తరగతి నుంచి పైవాళ్లందరికీ తలా ఒక పుస్తకం ఇచ్చారు. 20 కూపన్లు, ఒక్కోటి 50 రూపాయలు. మొదటి బహుమతి సైకిల్, తర్వాత మిక్సీ, కుక్కర్లు. వచ్చిన డబ్బు లైబ్రరీ గదికట. మంగళవారం లోపల లెక్క అప్పజెప్పాల.

పాతూరులో మా ఆయనకు ఎలక్ట్రికల్ సామాన్ల అంగడి ఉంది. పుస్తకం గల్లా పక్కన పెట్టుకుంటే సాయంత్రానికి అయిపోతాయి, కానీ పెట్టనన్నారు. వైరింగ్ పనులు చేసే పిల్లోళ్లు ఆయన దగ్గర సామాను అప్పుకు తీసుకుంటుంటారు. వాళ్ల ముందు కూపన్ పెడితే వద్దనలేరు. "వెయ్యి మనమే కట్టేద్దాం, గొడవ వదిలిపోతుంది" అన్నారు. నాకు మా ఆఫీసు గుర్తొచ్చింది. పోయిన ఏడు మా సెక్షన్‌లో ఒక సారు తన కొడుకు పుస్తకం తెచ్చి టేబుల్ మీద పెట్టారు. ఎవర్నీ నోరు తెరిచి అడగలేదు. అటెండరన్న అందరి వంకా ఒకసారి చూసి, చొక్కా జేబులోంచి నోటు తీసిచ్చాడు. పైవాళ్లు పుస్తకం టేబుల్ మీద పెట్టారంటేనే అడిగినట్టు.

వెయ్యి కట్టేయడానికి పాప ఒప్పుకోలేదు. తనే అమ్ముతానంది. సరేనని ఎండ ముదరకముందే సాయినగర్‌లో మా వీధి వరకు బయల్దేరాం. నేను గేటు దగ్గర నిలబడాల, మాట్లాడేది తను.

ఎదురింటి పెద్దాయన ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. కూపన్ చూసి, "లైబ్రరీలో ఏం పుస్తకాలు కొంటారు పాపా?" అనడిగారు. పాప కాసేపు ఆలోచించి, "మిస్సును అడిగి చెప్తా తాతా" అంది. రెండు తీసుకున్నారు. తీసుకుని, కౌంటర్‌ఫాయిల్ చిరక్కుండా కూపన్ ఎట్లా లాగాలో వేళ్లు పట్టుకుని నేర్పించారు. ఇంటికి ఎవరైనా వస్తే నా కొంగు వెనక్కి పోయే పిల్ల, నాలుగో ఇంటికొచ్చేసరికి తనే బెల్లు కొట్టి, "నమస్తే అత్తా, మా స్కూలు లైబ్రరీకి" అని మొదలుపెట్టింది. గొంతు వణకలేదు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఒక్క ఆ ఇంటి ముందు మాత్రం ఈ కూపన్లు అచ్చువేసినవాళ్లకు మనసులోనే దండం పెట్టుకున్నా.

పైవాటాలో ఉండే అక్క దగ్గర మాత్రం ఆ సంతోషం నిలవలేదు. వాళ్ల బాబుది వేరే స్కూలు, అక్కడా ఇట్లాంటి పుస్తకమే ఇచ్చారంట. "నీవి రెండు నేను, నావి రెండు నువ్వు" అనుకున్నాం. ఇద్దరి చేతుల్లోంచి చెరో వంద పోయింది, రెండు స్కూళ్లకూ చెరో వంద చేరింది, మా ఇద్దరికీ మొహమాటం మిగిలింది. "ఇంకోసారి ఇట్లాంటివి వస్తే ఒకరికొకరం చెప్పుకోవద్దులే" అందా అక్క. పదేళ్లుగా గిన్నెలు మార్చుకుంటున్న ఇల్లు అది. ఆ మాట నాకు నొప్పేసింది.

తిరిగొచ్చే దారిలో పాప చెప్పిన సంగతి ఇంకా పెద్దది. క్లాసులో గోడకు చార్టు అంటించారంట. ఎవరు ఎన్ని అమ్మితే అన్ని నక్షత్రాలు. పైన ఒక కాంట్రాక్టర్ గారబ్బాయి, రెండు పుస్తకాలు పూర్తి. అడుగున ఒక పాప, రెండే రెండు నక్షత్రాలు. ఆ పాపను నాకు తెలుసు, వాళ్లమ్మది ఇస్త్రీ బండి. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు స్కూళ్లు పేదపిల్లలకు ఇవ్వాల్సిన 25 శాతం ఉచిత సీట్లలో చేరింది. "ఆ రెండూ వాళ్లమ్మే కొనిందంటమ్మా" అంది పాప. వంద రూపాయలంటే ఆ తల్లి ఎన్ని చొక్కాలు ఇస్త్రీ చేయాల?

ఆ చార్టు మీద పిల్లల కష్టం ఎక్కడుంది? వాళ్ల నాయనకు ఎంతమంది తెలుసు, ఆ తెలిసినవాళ్లలో ఆయనకు వద్దు అని చెప్పలేనివాళ్లు ఎంతమంది, అదే గోడమీద నక్షత్రాలై కనబడుతోంది. తొమ్మిదేళ్ల పిల్లలకు చూపించాల్సిన లెక్క కాదది. ఆ పాపకు సీటు ఇప్పించిన 2009 చట్టంలోనే, స్కూలు ప్రకటించిన ఫీజు కాకుండా విరాళమనో చందా అనో ఏ రకంగా తీసుకున్నా అది క్యాపిటేషన్ ఫీజు కిందికే వస్తుందని రాసుంది. 13వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని చేర్చుకునేటప్పుడు అట్లా వసూలు చేస్తే పది రెట్ల దాకా జరిమానా. ఇది చేరేటప్పుడు అడిగింది కాదు, పైగా కూపన్ కొనడం మీ ఇష్టం అని పుస్తకం వెనక వేశారు కాబట్టి దీన్ని ఎవరూ ఆ లెక్కలోకి తీసుకోరు. కేసులు వేసే ఆలోచన నాకూ లేదు. కానీ గోడకు చార్టు అంటించాక ఇంక ఇష్టమనే మాట ఎక్కడుంది?

మధ్యాహ్నం అన్నాలప్పుడు మా అవ్వ విని, "బడికి అడిగేదాంట్లో తప్పేముందే?" అంది. వాళ్ల ఊర్లో బడికి గది కట్టేటప్పుడు చెనక్కాయల కళ్లాల దగ్గరికే వచ్చి అడిగేవాళ్లంట. పండినోళ్లు మూట ఇచ్చేది, పండనోళ్లు రెండు రోజులు మట్టి మోసేది. ఎవరు తక్కువిచ్చినారని గోడమీద రాయలేదు. నా చిన్నప్పుడు డిసెంబరు 7న మా మున్సిపల్ స్కూల్లో జెండా పిన్నులు ఇచ్చేవాళ్లు. సైనికుల కోసం 1949 నుంచి జరుపుతున్న పతాక దినోత్సవం అది. డబ్బాలో ఎంత వేస్తే అంత. రూపాయి వేసినా, పది వేసినా చొక్కాకు గుచ్చేది ఒకే జెండా.

సాయంత్రం డల్లాస్ నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. అక్కడ ఇది ఇంకా ఎక్కువంట. కుకీల పిండి, చాక్లెట్లు, గిఫ్టులు చుట్టే కాగితాలు, పాప్‌కార్న్, వీటన్నిటి క్యాటలాగులు పిల్లల బ్యాగుల్లో వస్తాయంట. అమ్మినదాంట్లో చాలాసార్లు సగం దాకా కంపెనీకే పోతుంది. పిల్లలకు బదులు తల్లిదండ్రులే ఆర్డర్ ఫారాలు ఆఫీసులకు తీసుకుపోతారు. గర్ల్ స్కౌట్ పిల్లలు కుకీలు అమ్మడం 1917లో ఓక్లహోమాలోని మస్కోగీ ఊర్లో మొదలైందట, అప్పుడు ఇంట్లో కాల్చినవే అమ్మారు. మా చెల్లెలికి అదంటే ఇష్టం, కూతురితో పాటు సూపర్ మార్కెట్ ముందు టేబుల్ వేసుకుని నిలబడుతుంది. స్కూలు క్యాటలాగులంటేనే యాష్ట. ఇప్పుడు కొన్ని స్కూళ్లు "మీరేమీ అమ్మొద్దు, ఇవ్వగలిగినంత నేరుగా ఇవ్వండి" అని ఒక ఉత్తరం పంపించి ఊరుకుంటున్నాయంట.

నేను అమ్మకాలకే వ్యతిరేకం కాదు. పోయిన నవంబరు 14న ఇదే స్కూల్లో పిల్లలు స్టాళ్లు పెట్టారు. పాప వాళ్ల గుంపుది చెనక్కాయ ఉండలు. ముందురోజు మా వంటింట్లోనే చేశారు. చెనక్కాయలు వేయించి పొట్టు చెరిగింది పిల్లలే. పాకం నేను పట్టాను. వేడి తగ్గకముందే చేతులకు నెయ్యి రాసుకుని, ఊదుకుంటూ, అరుచుకుంటూ ఉండలు చుట్టారు. ఒకటి 5 రూపాయలా 10 రూపాయలా అని గంటసేపు కొట్లాట. బెల్లానికి ఎంత, నెయ్యికి ఎంత అని నోట్‌బుక్కులో రాసి, దాన్నిబట్టి ధర తేల్చారు. మర్నాడు స్టాల్లో చిల్లర చూసుకుంది ఆ ఇస్త్రీ బండి వాళ్ల పాపే. రోజూ బండి దగ్గర చేసే పనే కదా. పెద్దవాళ్లు వంద నోటిస్తే వేళ్లు కూడా మడవకుండా తిరిగివ్వాల్సింది చెప్పేది. ఆరోజు క్లాసంతా ఆ పిల్ల చుట్టూనే ఉంది. ఆ పేరే ఇప్పుడు చార్టు అడుగున పెట్టారు. నా కోపమంతా అక్కడే.

రాత్రి పాప స్కూల్ డైరీలో క్లాస్ టీచర్‌కు రాశాను. అమ్మిన కూపన్ల డబ్బు, అమ్మని కూపన్లు రెండూ వెనక్కి ఇస్తున్నామని, లైబ్రరీకి ఏ పుస్తకాలు కావాలో ధరలతో పట్టీ పంపిస్తే మాకు చేతనైనన్ని కొనిస్తామని, ఆ చార్టు మాత్రం తీసేయమని. మా ఆయన చదివి, "మన పాపనే చిన్నచూపు చూస్తారేమో" అన్నారు. ఆ భయం నాకూ ఉంది, మూడుసార్లు పెన్ను పక్కన పెట్టాను. కానీ ఉచిత సీటులో ఉన్న పిల్ల తల్లి ఈ మాట రాయగలదా? ఫీజు కట్టేవాళ్లం మేమైనా రాయాల. చార్టు మాట ఒక్కటే వేరే కాగితం మీద రాసి పైవాటా అక్కకు చూపిస్తే, "మా స్కూల్లోనూ అదే చార్టు, నేనూ మా వాళ్లకు రాస్తా" అని ఫోటో తీసుకుంది. రేపు ఆఫీసుకు పోతూ డైరీ నేనే టీచర్ చేతికిచ్చి, నిలబడి మాట్లాడి పోతా.