లైన్ వచ్చాక అసలు పని

నేను వైజాగ్ వచ్చినప్పుడల్లా మా గాజువాక మేనబావ ఒకటే దెప్పుతాడు: "అమెరికాలో కూడా కేబుల్ పనేనా బావా? దానికి అంత దూరం ఎందుకెళ్లావ్?" తనిక్కడ కేబుల్ ఆపరేటర్. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ స్తంభాలతో సహా వైర్లన్నీ రోడ్డు మీద పడేస్తే, మళ్లీ వీధి వీధికీ లాగించుకున్న మనిషి.

నేను స్తంభాలెక్కను. రాత్రి షిఫ్టులో సీఎంటీఎస్‌లను చూసుకుంటాను. ఇళ్లల్లోని కేబుల్ మోడెమ్‌లన్నీ మాట్లాడేది ఆ పెట్టెతోనే. మా దగ్గరున్న దాంట్లో వీధుల కేబుళ్లు తగిలించే ఏడు కార్డులు పనిచేస్తుంటే ఎనిమిదోది ఊరికే కాచుకుని ఉంటుంది. ఏదైనా పోతే, సిగ్నల్ దారి మార్చే ఆర్ఎఫ్ స్విచ్ ఆ పోయిన కార్డు కేబుళ్లను ఎనిమిదోదాని మీదకు మళ్లిస్తుంది. సీఎంటీఎస్ నుంచి ముప్పై సెకన్లకు పైగా పిలుపు రాకపోతే మోడెమ్ లింకు తెంచుకుని మొదటి నుంచి మొదలెడుతుంది. ఆలోపే మళ్లింపు జరిగిపోతే ఇంట్లో సినిమా చూసేవాళ్లకు ఏమీ తెలియదు.

"ఇంకేటి మరి, పనైపోయింది కదా" అన్నాడు బావ.

నాకు టెన్షన్ మొదలయ్యేది అప్పుడే. కాచుకునే కార్డు ఇప్పుడు బిజీ. ఇంకోటి పోతే దిక్కులేదు. పాడైనదాన్ని మార్చేటప్పుడు డేటా ట్రాఫిక్ మధ్యలో అటూ ఇటూ గెంతకుండా లాక్ వేస్తాం. కొత్త కార్డు లేచాక ట్రాఫిక్‌ను దాని మీదకు తెచ్చి, ఆ లాక్ తీసేయాలి. తీయకపోతే స్క్రీన్ మీద అన్నీ పచ్చగానే ఉంటాయి, అవసరమొచ్చినప్పుడు మాత్రం ఏదీ కదలదు.

ఎంవీపీ కాలనీలో అక్కావాళ్ల అపార్ట్‌మెంట్ జనరేటర్ కథ చెబితే బావకి ఠక్కున ఎక్కింది. సర్వీసుకొచ్చిన మెకానిక్ స్విచ్‌ను ఆటోలో కాకుండా మాన్యువల్‌లో వదిలేసి వెళ్లాడు. డీజిల్ నిండుగా ఉంది, బ్యాటరీ కొత్తది. కరెంటు పోయింది, పెద్దమ్మ లిఫ్టులో ఇరుక్కుంది.

మా ఆఫీసులో కష్టం కమాండ్లతో కాదు, మనుషులతో. కస్టమర్ల ఫోన్లు ఆగిపోయాయి కదా, ఆ సమస్య మీద తెరిచిన టికెట్ మూసేయమంటాడు టీమ్ లీడ్. వీసా మీద ఉన్నవాడికి నోరు అంత తేలిగ్గా లేవదు. నేను వాదించను. "ఆటో ఫెయిలోవర్ (దానంతటదే వేరే కార్డుకు మళ్లడం) ఇంకా పునరుద్ధరించలేదు" అని టికెట్‌లో రాసి తెరిచే ఉంచుతాను. రాతలో ఉన్నదాన్ని దాటి మూసే ధైర్యం ఏ లీడ్‌కీ ఉండదు.

"సరే గానీ, ఆ ఎనిమిదోదే పాడైపోతే?" అన్నాడు బావ. మా మీటింగుల్లో ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. పనిలేని కార్డు పాడైనా ఒక్కోసారి బయటపడదు మరి. అందుకే లాక్ తీశాక, బాగానే ఉన్న ఒక కార్డును కావాలనే దింపి, ఎనిమిదోది అందుకుంటుందో లేదో చూస్తాం. అక్కడ అర్ధరాత్రి దాటాకే దీనికి అనుమతి. వేసవిలో అమెరికా తూర్పు తీరాన రాత్రి రెండైతే ఇక్కడ పగలు పదకొండున్నర. సరిగ్గా అప్పుడే అమ్మ ఫోన్ చేసి, తిన్నావా అంటుంది.